కారు రేడియోలో మూడో చరణం

పదిమంది కలిసి పాడుతున్నప్పుడు అందులోంచి ఒక్క గొంతును విడదీసి, ఇది ఫలానా మనిషిదని చెప్పగలమా? చాలా ఏళ్లుగా ఈ ప్రశ్న నాతో ఉంది. మొన్న పొద్దున మా తమ్ముడు చెప్పులు కూడా విడవకుండా వాకిట్లో నిలబడి, "అక్కా, లెక్కల సారు పోయిండు" అని చెప్పినప్పుడు ఆయన పాఠాలేవీ నాకు గుర్తు రాలేదు. ఈ ప్రశ్నే ముందుకు వచ్చింది.

మెదక్‌లో నా ఈడువాళ్లు చాలామంది ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే. లెక్క తేలక మేము దిక్కులు చూస్తుంటే, "తెలవకుంటె తెలవదని రాయుండ్రి. కాగితం నింపనీకి రాసింది నాకొద్దు" అనేవారు. సుద్దముక్క విరిగితే రెండు ముక్కలూ జేబులో వేసుకునేవారు. ఏ రంగు చొక్కా తొడిగినా దాని జేబు మాత్రం తెల్లగానే ఉండేది.

ఆయన భార్య చిన్న తరగతులకు టీచరమ్మ. చర్చి పాటల బృందంలో మాకందరికీ పాట నేర్పింది కూడా ఆమే. యూనివర్సిటీ చదువు ముగించి ఊరికి వచ్చాక నేను ఆమె పక్కనే నిలబడి పాడేదాన్ని. రాగం, పలుకు, ఎక్కడ మెల్లగా అనాలో ఎక్కడ గట్టిగా అనాలో, అన్నీ ఆమెను చూసి పట్టుకున్నవే. బయటినుంచి వినేవాళ్లు మీ ఇద్దరిదీ ఒకటే గొంతు అనేవాళ్లు. ఒక్కచోట మాత్రం తేడా ఉండేది. క్రిస్మస్‌కు మేము పాడే పాటలో మూడో చరణం చివరి పాదం చాలా పొడుగు. సగంలోనే నాకు ఊపిరి అయిపోయేది. ఆమె ఆగకుండా కొసదాకా తీసుకుపోయేది.

ఒక ఏడాది హైదరాబాదు నుంచి రేడియోవాళ్లు వచ్చి మా చర్చిలోనే మా పాట రికార్డు చేసుకున్నారు. టీచరమ్మకు అప్పటికే దగ్గు. లోపల ఎంత ముదిరిందో ఎవరికీ తెలియదు. ఆ దగ్గు టేపులో పడుతుందని బృందం పెద్ద భయపడి, వరుసలో నిలబడి పెదవులు కదిపితే చాలు, గొంతు ఎత్తొద్దని ఆమెకు చెప్పాడు. ఆమె నవ్వి సరేనంది. ఆ క్రిస్మస్‌కు పాట రేడియోలో వచ్చినప్పుడు భార్యాభర్తలు తమ కారులో కూర్చుని విన్నారట. ఇందులో నువ్వెక్కడున్నావని సారు అడిగితే, ఆమె కిటికీవైపు తిరిగి నవ్విందట. మళ్లీ వానలు పడకముందే టీచరమ్మ పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. ఉంటే ఆ పాటలోనే ఉండాలి.

ఆ కారు మిషను దవాఖాన తెల్ల డాక్టరమ్మ స్వదేశం వెళ్తూ సారుకు ఇచ్చిపోయినది. దానికి రేడియో కారు కంపెనీలోనే బిగించి వచ్చింది. స్విచ్చి వేస్తే లోపలి వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. స్పీకరు కాగితం ఎండకు పెళుసెక్కి అంచున చిరగడంతో ఏ గొంతైనా రేకు మీద ఇసుక రాలినట్టు జరజరమనేది. ఇళ్లలో రేడియోల్లో కరెంటు తీగల రొద పాటను మింగేసేది. ఊరి బయట నిలిపిన కారులో వినడమే నయం. ప్రతి క్రిస్మస్‌కూ రేడియోవాళ్లు అదే పాట వేసేవాళ్లు. ఆ జరజర కిందే ఆమె ఉందని సారు నమ్మేవారు. పెదవులు కదిపితే చాలని ఆమెకు చెప్పిన సంగతి ఆయనకూ తెలుసు. "పాట నడుస్తుంటె నోరు మూసుకునే మనిషా ఆమె?" అనేవారు.

ఒక వేసవిలో కారును హైదరాబాదు మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయారు. ఏదో పనుండి నేనూ వెంట వెళ్లాను. మెకానిక్కు రేడియోను తట్టి చూసి, పాతది పీకి పారేసి ట్రాన్సిస్టరుది పెడతానన్నాడు, మస్తు పాడుతదన్నాడు.

"డబ్బ ముట్టకు. గొంతులు మార్చు, సాలు" అన్నారు సారు.

ట్యూనింగు ముల్లు టీచరమ్మ తన చేత్తో నిలిపిన చోటే ఉంది. అది కదలకూడదు. మెకానిక్కుకు ఇదేమీ తెలియదు. పాత సెట్టు కొత్త స్పీకర్లను మోస్తుందా అని గొణుగుతూనే ముందుది మార్చాడు. వెనక సీటు పైన అద్దం కింద ఉండే చెక్కకు ఇంకా పెద్దది బిగించమన్నారు సారు. దాని రంధ్రానికి బడిలో బోర్డు మీద వాడే వృత్తలేఖినితో చెక్క మీద తానే వృత్తం గీశారు. మార్కులెన్ని వేస్తరు సార్ అని మెకానిక్కు అడిగితే, ముందు కొయ్యి, సూద్దాం అన్నారు.

ఆ క్రిస్మస్ సాయంత్రం నన్ను కారెక్కించుకుని కుల్చారం బాటలో, తీగలు లేని చోట ఆపారు. అద్దాలు ఎక్కించాం. పాట మొదలయ్యాక వెనకనుంచి చర్చి గోడల ప్రతిధ్వని నా మెడ మీదికి వచ్చింది. గొంతులు ఒకటొకటిగా విడిపోయాయి. మూడో చరణం చివర మిగతావన్నీ సన్నబడుతుంటే ఒక ఆడగొంతు ఆగకుండా కొసదాకా వెళ్లింది.

సారు స్విచ్చి తీసేశారు. "నువ్వున్నవ్ బిడ్డా. మంచిగ ఇనవడ్తున్నవ్" అన్నారు. వెనక స్పీకరువైపు తిరిగి చూసి, "ఆమె లేదు" అన్నారు.

"సార్, అంత కొసదాక నాకు ఊపిరి ఆగదు. అది టీచరమ్మనే."

"నన్ను ఊకుండవెట్టనీకి చెప్తున్నవా?"

"లేదు సార్."

"మరి నీ పక్కకే నిలవడ్డది గద. ఆ దినం పాడిందా? నీ చెవిల పడ్డదా?"

వెతుక్కున్నాను. ఆమె భుజం నా భుజానికి తగలడం గుర్తుంది. మెడకు రాసుకున్న మందు వాసన గుర్తుంది. గొంతు మాత్రం లేదు. రోజూ పక్కన ఉండే గొంతును మనం వేరుగా వింటామా? యాదికి లేదన్నాను. ఆయన తల ఊపి కారు తిప్పారు.

తర్వాత ప్రతి ఏటా పాట విని వచ్చి మా వాకిట్లో కారాపి, "మంచిగ పాడినవ్ బిడ్డా" అని చెప్పిపోయేవారు, నేను ఆ పూటే పాడినట్టు. అన్నేళ్లు కలిసి బతికిన మనిషి పొరబడతారా అని ఒకసారి అనిపిస్తుంది. ఆయన వెతికింది దగ్గు రాకముందటి గొంతునేమో అని ఇంకోసారి. కొన్నేళ్లకు రేడియోలో ఆ పాట రావడం ఆగిపోయింది. ఆ టేపు మీద ఇంకేదో ఎక్కించారని తెలిసింది. ఆ పండుగ సాయంత్రం కూడా కారు కుల్చారం బాటలోనే ఆగి ఉంది. లోపల ఎవరివో వేరే పాటలు వస్తున్నాయి. సారు మాత్రం చప్పుడు తగ్గించలేదు, రేడియో ఆపలేదు.

నిన్న సమాధుల తోటలో అదే పాట పాడాం. మొదటి చరణంలోనే నా గొంతు పూడుకుపోయింది. పెదవులు కదుపుతూ నిలబడ్డాను. మట్టి పోసి అందరూ కదులుతుంటే, ఇప్పుడు బృందంలో నా పక్కన నిలబడే అమ్మాయి వచ్చి నా చేయి పట్టుకుంది. "నాకు ఏడ్పొచ్చింది మేడం. మీ గొంతు పట్టుకొనే కొసదాక పాడిన" అంది.

నేను పాడలేదని ఆమెకు చెప్పలేదు. ఆ రోజు టీచరమ్మ పాడిందో లేదో, కారులో మేము విన్న గొంతు ఆమెదో నాదో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.