సుత్తుల జెర్సీ

మొన్న మా ఊరికెళ్లే మారికుప్పం రైల్లో ఒక కుర్రాడి జెర్సీ మీద, కత్తెరలా వేసిన రెండు సుత్తుల బొమ్మ చూశాను. చిన్నప్పుడు అచ్చం అలాంటిదే నాకుండేది.

మా ఊరి బంగారు గనిలో పనిచేసిన నాయన, గని మూసేసిన ఏడాది పాతబట్టల కుప్పలో ఏరి తెచ్చాడు దాన్ని. సుత్తులుంటే గని టీమే, గని టీమైతే మాదే అనుకున్నాను. బ్రౌజింగ్ సెంటర్ నడిపే మామ వెతికి చూసి, అది హంగేరీలో ఒక గని ఊరి ఫుట్‌బాల్ టీమనీ, అక్కడి పెద్ద లీగ్‌లో ఈసారి టైటిల్ పోటీలో ఉందనీ చెప్పాడు.

ఇక ప్రతి ఆదివారం స్కోరు కోసం మామ దగ్గరికి పరుగే. నష్టమొచ్చిందని మా గని మూసేశారు కదా, ఓడితే ఆ టీమునూ మూసేస్తారని నా భయం. చలికాలం మంచుకు మ్యాచ్‌లు ఆపితే, మూసేశారనే ఏడ్చాను.

చివరి మ్యాచ్‌లో ఓడిపోయి టైటిల్ పోగొట్టుకున్నారు.

"ఇంగ ఆ జెర్సీ ఇప్పేయి పాపా," అన్నాడు మామ.

విప్పలేదు. ఉతుకుతానన్నా అమ్మకు ఇవ్వలేదు.

వానాకాలంలో కొత్త సీజన్ పట్టిక వచ్చింది. అందులో మా టీము ఉంది! ఇంటికి పరుగెత్తాను.

"నాయనా, వాళ్లు ఓడిపోయినా మూసేయలేదు. మళ్లీ ఆడతా ఉండారు!"

నాయన, బంగారం తీసేశాక మిగిలిన గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ వైపు చూశాడు. "మనమేం ఓడిపోయినామని మూసేసినారు పాపా?"

అది ప్రశ్న అనుకుని చాలారోజులు జవాబు వెతికాను. అది కోపమని ఇప్పుడు తెలుసు. ఆ కోపం నాకూ వచ్చింది.

నేను అదేపనిగా చూస్తుంటే రైల్లో కుర్రాడు అడిగాడు. "ఈ టీము యాడిదో తెలుసా అక్కా?"

"మనదేనప్పా," అన్నాను.