పిడికెడు బియ్యం

మా నరసాపురం చర్చిలో ఒక అలవాటుంది. రోజూ వంటకి బియ్యం కడిగే ముందు ప్రతి ఇల్లాలూ పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బాని చర్చికి పట్టుకెళ్ళి ఇస్తుంది. సండేస్కూలంటేనే మొహం ముడుచుకునే నా కూతురికి కాస్త భక్తి అబ్బుతుందని ఆ పని దానికి అప్పగించాను.

మొదటి వారమే డబ్బా అంచుదాకా నిండింది. నేను వేసినన్నాళ్ళూ సగం దాటలేదు. మూడో తరగతి పిల్ల చెయ్యెంత, దాని పిడికెడెంత? చర్చిలో మెప్పు కోసం గ్లాసులతో పోసేస్తోందని తేల్చేసుకున్నాను. మర్నాడు వంటింటి తలుపు చాటున నిలబడి చూశాను. ఒక్కసారే తీసింది, వేసింది. నా అనుమానం ఇంకా పెరిగింది.

"నిజం చెప్పవే! నేను లేనప్పుడు ఎన్నిసార్లు వేస్తున్నావు?"

"ఒక్కసారేనమ్మా. నువ్వేమో గుప్పిట గట్టిగా బిగించేస్తావు, సగం జారిపోతాయి. నేను బిగించను, అంతే."

పొయ్యి దగ్గరికెళ్ళాను.

ఆ ఆదివారం ప్రార్థనలో కళ్ళయితే మూసుకున్నాను గానీ మనసు నిలవలేదు. పక్కనే కూర్చున్న ఈ పిల్ల, ఇన్నాళ్ళూ నాలో ఇంకా ఏమేం చూసి పెట్టుకుందో!