అత్తయ్యనెవరూ అడగలేదు

పోయిన నెల గుంటూరులో ఒక ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటే, ఎదురుగా ఇద్దరు మగవాళ్ళు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. లోపల పడుకున్న మనిషికి కీమో ఇప్పించాలా వద్దా అన్నది తగాదా. పక్కావిడ, "ఇదేం చోద్యమమ్మా" అని బుగ్గలు నొక్కుకుంది. నాకేం చోద్యమనిపించలేదు. మా మేనత్త వాళ్ళ మిరప కళ్ళంలో నేను అంతకంటే ఘోరం చూశాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. అత్తయ్యకు రొమ్ములో రేగ్గాయంత గడ్డ కనబడితే ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. గాయం మానాక డాక్టరమ్మ, "గడ్డ చిన్నది, చంకలోకి పాకలేదు. కీమో చేయించుకుంటే మళ్ళీ వచ్చే భయం ఇంకొంచెం తగ్గుతుంది. వద్దనుకున్నా తప్పనను. ఆలోచించుకుని చెప్పండి" అంది. మా ఇళ్ళల్లో డాక్టర్లు ఆజ్ఞాపించడమే గాని ఆలోచించుకోమనడం ఎవరూ ఎరగరు. కొంప ముంచింది ఆ మాటే. మా నాన్నమ్మ అలాంటి గడ్డనే పైట కింద దాచుకుని, పుండై వాసనొచ్చాక బయటపెట్టింది, దాంతోనే పోయింది. అందుకని నాన్న చేయించాల్సిందేనన్నాడు. మామయ్య తమ్ముడు మరేదో క్యాన్సరుకి కీమో మధ్యలో రక్తం కక్కుకుని మామయ్య ఒళ్ళోనే పోయాడు. అందుకని మామయ్య వద్దన్నాడు.

ఆ మధ్యాహ్నం కళ్ళమంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేనూ నాన్నా వెళ్ళేసరికి మామయ్య కాయలు తిరగేస్తున్నాడు. "నా చెల్లెల్ని కూడా మా అమ్మలాగే పంపిస్తావా?" అన్నాడు నాన్న. "సూదులు పొడిపించి చంపేది నువ్వు!" అని మామయ్య అరిచాడు. నాన్న అతని చేతిలోని చెక్కపార లాక్కుని నెత్తిన కొట్టాడు. మామయ్య బోర్లా కాయల్లో పడ్డాడు. తల పగిలింది, కళ్ళల్లో కారం పడింది. గుడ్డివాడిలా తడుముకుంటూ లేచి, నాన్న చేతిలోని పార గుంజుకుని విసిరి కొడితే నాన్న ముంజేయి ఫటేల్మంది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. రక్తం ఎక్కడ పడిందో ఆ ఎర్రటి కాయల్లో తెలియలేదు.

అత్తయ్య పరుగెత్తుకొచ్చింది. ఆపరేషనైన వైపు చెయ్యి ఇంకా పైకి లేచేది కాదు. రెండో చేత్తో పార లాక్కుని ముందు అన్న వీపున ఒకటి, తర్వాత మొగుడి వీపున ఒకటి వేసింది. "రోగం నాది! కోసింది నన్ను! మీ ఇద్దర్లో ఒక్కడన్నా నన్నడిగాడా?" అంది. ఆ తర్వాత బిందెడు నీళ్ళు తెచ్చి మొగుడి కళ్ళు కడిగింది, తన పాత చీర చింపి అన్న చెయ్యి కట్టింది.

గుంటూరు బ్రాడీపేట ఆసుపత్రిలో ఒకరికి కుట్లు, ఒకరికి పిండికట్టు వేస్తుండగా అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని రెండు వీధులవతల ఉన్న డాక్టరమ్మ దగ్గరికి నడిచింది.

"చేయించుకున్నా మళ్ళీ రావచ్చాండీ?"

"రావచ్చమ్మా."

"చేయించుకోకపోతే రాకుండానూ ఉండొచ్చా?"

"ఉండొచ్చు. నీకేమవుతుందో ముందే చెప్పడం నాకు తెలీదమ్మా."

అత్తయ్య నవ్వింది. "ఇంత చదువుకున్న మీరు తెలీదంటున్నారు. మా అన్నకీ మా ఆయనకీ మాత్రం బాగా తెలుసండీ." "చేయించుకుంటానండీ. రేపు వస్తే, అప్పుడే చేయించుకునుంటే బాగుండేదని ఏడుస్తూ కూర్చోలేను. తట్టుకోలేకపోతే మాత్రం ఆపమని నేనే చెప్తాను, నా మాటే వినాలి."

కట్లు ఊడకముందే ఇద్దరూ ఆమె వెంట కీమోకి వెళ్ళారు. మందు ఆమెను చితక్కొట్టింది. జుట్టు ఊడింది, నోరంతా పుళ్ళు. మూడోసారి తర్వాత నేను గంజి తాగించబోతే చెంప ఛెళ్ళుమనిపించి, గిన్నె గోడకేసి కొట్టి, నన్నే పట్టుకుని ఏడ్చింది. ఆపమని మాత్రం అనలేదు. ఆరు విడతలూ పూర్తిచేసింది. రోగం మళ్ళీ రాలేదు. మందు వల్లేనని నాన్న, మందు లేకపోయినా బతికేదేనని మామయ్య, తాము పోయేదాకా వాదించుకున్నారు. మొన్నమొన్నటిదాకా ఉన్న అత్తయ్య ఎవరి వైపూ మాట్లాడలేదు. ఇన్నేళ్ళలో మందే కాపాడిందా అన్న ప్రశ్నకి జవాబు దొరకలేదు గాని, అడిగేవాళ్ళే ఒక్కొక్కరుగా వెళ్ళిపోయారు.