పర్‌ఫెక్ట్‌లీ అన్నాను

ఇది మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో, వరంగల్‌లో మా వాడంతా మగ్గాలవాళ్లమే. ఇంటర్ దాకా వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఇంగ్లీషు ఎంత వచ్చని ఎవరైనా అడిగితే చెప్పడానికి ట్యుటోరియల్ సారు మూడు మాటలు నేర్పాడు. కాస్త వస్తే 'ఎ లిటిల్', పర్వాలేదనుకుంటే 'ఫెయిర్లీ వెల్', పూర్తిగా వస్తే 'పర్‌ఫెక్ట్‌లీ'. నాకు మూడోది తెగ నచ్చింది. ఇంగ్లీషు రాలేదు గానీ, ఆ మాట మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

దవాఖానకు పోయేటప్పుడు చదువుకునే పిల్లను వెంటబెట్టుకుపోవడం మా వాడలో అలవాటు. పక్కింటి ఎల్లమ్మత్తకు కన్ను ఎర్రబడి వాస్తే నన్ను తీసుకుపోయింది. ఆమె నూలు కండెలకు చుడితేనే వాళ్లింట్లో మగ్గం ఆడేది. కేరళ నుంచి వచ్చిన డాక్టరమ్మకు తెలుగు రాదు. చుక్కల మందు చేతిలో పెట్టి, గబగబా ఇంగ్లీషులో ఏదో చాలాసేపు చెప్పింది. అర్థమైందా అని అడిగింది.

పర్‌ఫెక్ట్‌లీ అన్నాను.

బయటికి రాగానే అత్త ఆగింది. "ఏమన్నది బిడ్డా? మల్ల రమ్మన్నదా?"

"ఏం ఫికర్ లేదన్నది అత్తా. చుక్కలేసుకుంటే తక్కువైతదట."

ఎందుకలా అన్నాను? వెనక్కి పోయి మళ్లీ అడిగితే నా పరువు పోతుందనా? లేక నిజంగా అర్థమైందనే అనుకున్నానా? ఆ మాట అనీ అనీ నేనే నమ్మేశానేమో. ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నా మాట నమ్మి అత్త చుక్కలేసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ కన్ను పోయింది. ఇంత ఆలస్యంగా తెస్తారా అని పెద్ద దవాఖానలో తిట్టారు. నా తలరాత అంది అత్త. అప్పుడు నేను అక్కడే ఉన్నాను, నోరు విప్పలేదు. పైగా ఆమె వాడలో పిల్లలకు నన్ను చూపించి, ఈ పిల్ల తీరుగ సదువుకోండ్రి అనేది. అది విన్నప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

డాక్టరమ్మ మళ్లీ రమ్మని ఉంటుంది. ఏమో, అనలేదేమో. వెంటనే పోయినా ఆ కన్ను దక్కేది కాదేమో. ఇలా అనుకుని కాస్త తేలికపడతాను, మరుక్షణమే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. నా తప్పు ఎంతో కూడా నాకు తెలియదు. ఎవరిని అడగను?

అత్త చనిపోయి చాలా కాలమైంది. క్షమించమని అడిగే హక్కు నాకుందో లేదో తెలియదు, అడగను. ఆ రోజు దవాఖాన గడప దగ్గర చెప్పాల్సిన మాట ఒక్కటి మాత్రం చెప్పేసి ఊపిరి పీల్చుకుంటాను.

నాకేం సమజ్ కాలేదు అత్తా.