జీపును తిప్పి ఎక్కించిన రోజు

నా చేతుల మీదుగా చెడిపోయిన పనులు చెప్పుకుంటూ పోతే ఈ పుస్తకం చాలదు. వాటిలో పెద్దది ఒక్కటే చెబుతాను. నడిరోడ్డు మీద పికప్ వెనుక చక్రాలు గాల్లోకి లేచి గిర్రున తిరగడం మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, ఆ పికప్‌లో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నదే నేను.

ఐదారేళ్ళ కిందటి మాట. మాది కొమరోలు దగ్గర పల్లె. మా నాయనకు ఒక పాత జీపు ఉండేది, నాలుగు చక్రాలూ లాగే రకం. బోర్ల దగ్గరికి పైపులు మోసి మోసి, వాగు ఇసుకలోనుంచి కూడా సులువుగా బయటపడే బండి. అదంటే నాకు ప్రాణం. మా తమ్ముడు శీనుకూ ప్రాణమే, చిక్కంతా అక్కడే వచ్చింది. మార్కాపురం దగ్గర పాడుబడిన పలకల గనుల్లో జీపుల పందెం పెడుతున్నారని తెలిసి, నేను పోతానంటే నేను పోతానని ఇద్దరం నాయనను పీక్కుతిన్నాం. ఆయన విసిగిపోయి నాకే తాళం ఇచ్చాడు.

"పెద్దోడా, ఒక్క గీత పడకుండా ఇంటికి తెస్తే బండి నీదే. గీత పడిందా, తమ్మునిది."

అంత దూరం తారు రోడ్డు మీద తోలితే పందెం కోసం వేయించిన బురద టైర్లు అరిగిపోతాయి. కాబట్టి జీపును ట్రైలర్ ఎక్కించి, దాన్ని ఇంకో బండితో లాక్కుపోవాలి. గిద్దలూరులో ఆ రెండూ బాడుగకిచ్చేవాడు ఖాదర్‌బాషా. మా ఇంటికీ ఆయన ఇంటికీ ఎప్పటినుంచో వరస, నాకు మామ.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. నాకు అనుమానం జాస్తి. టీ కొట్టువాడు అడగకుండా చక్కెర ఇంకో చెంచా వేస్తే, పాలు విరిగాయేమోనని వాసన చూసే రకాన్ని. అలాంటివాడికి ఖాదర్‌బాషా మామ తన పెద్ద పికప్ చూపించి, నాలుగు చక్రాలకు సొంత బ్రేకులున్న ట్రైలర్ చూపించి, జీపు బరువుకు ఈ రెండే సరిపోతాయని చెబితే ఏమనిపిస్తుంది? పెద్ద బండికి పెద్ద బాడుగ, నన్ను ముంచుతున్నాడనిపించింది. పైగా పక్కనున్న శీను కూడా "అవునన్నా, మామ చెప్పిందే రైటు" అన్నాడు. అంతే, ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారని తేల్చేసుకున్నాను. జీపు మీద గీత పడితే లాభం ఎవరికి? శీనుకే కదా. మీరైనా అంతే అనుకునేవారు. అనుకోరా? సరే, మీరు మంచివాళ్ళు.

వాళ్ళిద్దరూ వద్దన్నవాటినే ఏరి పట్టుకున్నాను. బత్తాయిలు తోలే చిన్న పికప్ ఒకటి. పెళ్ళి ఊరేగింపుల్లో జనరేటర్ మోసిన రెండు చక్రాల పొడుగు ట్రైలర్ ఇంకొకటి. దానికి బ్రేకులు లేవు. మామ తల పట్టుకున్నాడు.

అసలు తెలివి ఆ తర్వాత చూపించాను. జీపు స్టెప్నీ వెనుక తలుపుకు వేలాడుతూ ఉంటుంది. దారిలో ఎవడైనా దాన్ని విప్పుకుపోతే? అందుకని జీపును రివర్సులో ఎక్కించాను. అప్పుడు స్టెప్నీ నా వైపు తిరిగి, అద్దంలో ఎప్పుడూ కనబడుతూ ఉంటుంది.

"అల్లుడా, ఇట్ల ఎక్కిస్తే ఇంజను బరువంతా ట్రైలర్ తోక మీద పడతాది," అన్నాడు మామ. "ముందు కొక్కెం మీద బరువుండాల. లేకుంటే ఎత్తు ఎక్కేటప్పుడు నీ పికప్‌ను అది పైకి లేపుతాది. తిప్పి ఎక్కించు."

నన్ను స్టెప్నీ వైపు చూడనివ్వకూడదని ఈయనకెందుకింత పట్టుదల? తిప్పలేదు. శీనును పక్కన కూర్చోబెట్టుకుని బయలుదేరాను. వాణ్ణి వెనుక వదిలితే ఇద్దరూ ఇంకేం మాట్లాడుకుంటారో అని.

గిద్దలూరు దాటి కంభం దారి పట్టామో లేదో, పక్క అద్దంలో ఒక మోటారుసైకిల్ కనబడింది. నేను నెమ్మదిస్తే అదీ నెమ్మదిస్తోంది. తోలేవాడు హెల్మెట్ పెట్టుకున్నాడు. మా వైపు పోలీసు ఎదురైతే తప్ప హెల్మెట్ పెట్టేవాడు లేడు. వీడు ముఖం దాచుకున్నాడంటే స్టెప్నీ కోసమే. ట్రైలర్ అప్పటికే పాము నడక నడుస్తోంది. శీను "నిదానంగా పో అన్నా" అని బతిమాలుతున్నాడు. నిదానంగా పొమ్మంటున్నాడంటే దొంగకూ వీడికీ సంబంధం ఉందని యాక్సిలరేటర్ తొక్కేశాను.

ముందు ఒక ఎత్తు వచ్చింది. సగం ఎక్కాక ఇంజను రంకెలేస్తోంది, బండి మాత్రం కదలదు. నా సీటు మెల్లగా పైకి లేస్తోంది. వెనుక ట్రైలర్ తోక రోడ్డు మీద కూలబడింది.

"అన్నా," అన్నాడు శీను కిటికీలోంచి తొంగిచూసి, "నువ్వు తోలేది గాలిలో."

మోటారుసైకిల్ వచ్చి ఆగింది. నేను జాకీ రాడ్డు పట్టుకుని దూకాను. వాడు హెల్మెట్ తీశాడు. ఖాదర్‌బాషా మామ. ఎక్కడో ఒకచోట బండి ఆగిపోతుందని ఆయనకు తెలుసు. చక్రాల కింద పెట్టే దిమ్మెలు, తాళ్ళు సంచిలో వేసుకుని దుకాణం మూసేసి వెంట వచ్చాడు. జాకీ రాడ్డు ఎక్కడ దాచాలో తెలియలేదు. చాలా సిగ్గేసింది.

దిమ్మెలు పెట్టి, కట్లు విప్పి, జీపును కిందికి దించాం. ఒక్క గీత లేదు. పికప్ క్లచ్ మాత్రం కాలిపోయి కంపు కొడుతోంది. పందెం ఎలాగూ మొదలైపోయి ఉంటుంది. ట్రైలర్‌ను పక్కన వదిలేసి, పికప్‌ను తాడుతో జీపుకు కట్టాం. ఏ జీపును లాక్కుపోవాలని పికప్ తెచ్చానో ఆ జీపే దాన్ని లాగుతూ గిద్దలూరు బజారు గుండా నడిచింది. దుకాణాల్లో ఉన్నవాళ్ళంతా బయటికొచ్చి చూశారు.

ఇంటికి చేరాక మా నాయన జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి, వేలితో తడిమి చూశాడు. జరిగిందంతా శీను చెప్పాడు. నామీద ఒక్క అబద్ధం కూడా కలపలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నాయన కాసేపు నవ్వాపుకుని, తాళం చెవి నా ముందుకు చాపాడు.

"గీత పడలేదు. మాటంటే మాటే. ఇంద, జీపు నీది."

ఇంత సులువుగానా? నా నోరు నా మాట వినలేదు.

"ఏంది నాయనా, ఇంత తొందరగా ఇస్తాండావు? ఇంజనుకేమన్నా అయిందా?"

ఆయన తాళం ఉన్న చెయ్యి నెమ్మదిగా శీను వైపు తిప్పాడు. వాడు ఒక్క మాట అడగలేదు. తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు.

ఆ రోజే, పంచభూతాల సాక్షిగా, నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ ఏ మనిషినీ అనుమానించనని ఒట్టు పెట్టుకున్నాను. మాటగా ఉంటే లాభం లేదని నా భార్య దాన్ని కాగితం మీద రాసి సంతకం పెట్టమంది. పెట్టాను. పెట్టేముందు, వెనుక ఇంకేమైనా రాసిందేమోనని తిప్పి చూశాను.