వ్యాను దోనెకు బెల్లం సున్నం

మొన్నటి వానల్లో, కుప్పంలో మా తమ్ముడి మనవరాలికి పేరు పెడుతున్నారని బయలుదేరినప్పుడు, బస్సులో పోదామంటే వినకుండా మా అల్లుడు తన క్యాంపర్ వ్యానునే మదనపల్లెకు తెచ్చి మా గుమ్మం ముందు నిలబెట్టాడు. అందులో పడకలున్నాయి, పొయ్యి ఉంది, చిన్న ఫ్రిజ్జు ఉంది, ఎక్కడ ఆపితే అక్కడ పక్కకు చాపుకునే పందిరి పట్ట కూడా ఉంది. లేనిదల్లా పైన పడ్డ వాన నీళ్లు కిందికి పోయే దారి ఒక్కటే. బ్రేకు వేసినప్పుడల్లా కప్పు అంచున దోనెలో నిలిచిన నీళ్లు ముందుకు పరిగెత్తుకొచ్చి, పందిరి బిగించిన సందుల్లోంచి గ్లాసుడేసి నా ఒళ్లోనూ, పక్కన కూర్చున్న మా చిన్నమ్మ ఒళ్లోనూ పడుతుంటే, అతను మాత్రం అది కంపెనీవాళ్ల బిగింపనీ, కారే ప్రసక్తే లేదనీ, మేమే కిటికీ సరిగా మూసి ఉండమనీ చెబుతూ వచ్చాడు. అల్లుణ్ణి నోరారా తిట్టలేని అత్తల కష్టం నా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

పుంగనూరు దాటాక వాన కాస్త తెరిపి ఇస్తే, బండి పక్కకు ఆపి, ఫోనులో ఎవరో చెబుతున్నది చూస్తూ, నిచ్చెనెక్కి ఏదో గొట్టంలోంచి తెల్లటి జిగురు పిండి సందులన్నీ పూడ్చడం మొదలుపెట్టాడు. ఆ జిగురు ఘాటు ముక్కుకు తగలగానే, ఇన్నేళ్ల తర్వాత కూడా, అయ్యో పురుగులు అన్న మాట నా నోటిదాకా వచ్చింది. పక్కకు తిరిగి చూస్తే చిన్నమ్మ అప్పటికే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నా వైపే చూస్తోంది.

ఆ పురుగుల సంగతి చెప్పాలి. చదువు అయ్యీ కాగానే నేను మదనపల్లెలో ఒక చాకీ కేంద్రంలో పనికి కుదిరాను. పట్టుపురుగుల్ని గుడ్డులోంచి వచ్చింది మొదలు రెండో జ్వరం దాటేదాకా, అంటే రెండోసారి పొర విడిచేదాకా, పసిబిడ్డల్లాగా పెంచి రైతులకు అందించడం అక్కడి పని. మా ఓనరు ఎక్కడో వేలంలో ఒక పాత వ్యాను కొన్నాడు. ఒకప్పుడు అది ఊళ్లు తిరిగి వైద్యం చేసే బండి అట. లోపల పడుకోవడానికి బల్లలు, పక్కన రోగులు కూర్చోవడానికి ఇనుప కమ్ములకు తగిలించిన పందిరి పట్ట. బల్లల చోట అరలు పెట్టించి, పురుగుల ట్రేలు పేర్చి, తెల్లవారి చల్లటి వేళ బయలుదేరి పుంగనూరు, పలమనేరు, శాంతిపురం మీదుగా కుప్పం దాకా పోయేవాళ్లం. ఊరూరా ఆ పందిరి కింద రైతుల్ని నిలబెట్టి ట్రేలు పంచడం నా ఉద్యోగం. పేరుకు అది పెద్ద ఉద్యోగం. చేసిందల్లా ఏ మూల నుంచి ఎంత కారుతోందో చూసుకుంటూ గిన్నెలు మార్చడం.

ఎందుకంటే ఆ పందిరిని వ్యానుకు బిగించిన మహానుభావుడెవరో, కప్పు చుట్టూ ఉండే వాన దోనెకే తూట్లు పొడిచి మరలు బిగించాడు. పట్ట మీద నీళ్లు నిలిస్తే ఆ బరువుకు దోనె బయటికి వంగేది, దోనె వంగితే మర చుట్టూ సందు పెరిగేది, సందులోంచి నీళ్లు గోడ లోపలగా జారి సరిగ్గా పురుగుల అరల మీద తేలేవి. తడి ఆకు తిన్న పురుగు నిలవదు, చెమ్మ తగిలితే సున్నపుకట్టు రోగం వచ్చి సుద్దముక్కలాగా బిగుసుకుపోతుంది. అది తెలిసిన మేము వాన కురిసినప్పుడల్లా చేతులు పిసుక్కుంటూ కూర్చునేవాళ్లం.

మరి అతకొచ్చు కదా అంటారు. అక్కడే ఉంది తంటా. తారు పూయకూడదు, రంగు వేయకూడదు, ఘాటుండే జిగురేదీ దగ్గరికి రాకూడదు; పట్టుపురుగుకు వాసన పడదు. బీడీ తాగి వచ్చినవాణ్ణి పురుగుల గది గడప తొక్కనిచ్చేవాళ్లం కాదు. మా డ్రైవరన్న ఒకసారి ఎవరికీ చెప్పకుండా తారు పూస్తే, ఓనరు ఆ వాసన పోయేదాకా బండిని ఎండలో నిలబెట్టి, అతన్ని అంతకంటే ఎక్కువ ఎండగట్టాడు. తర్వాత బట్టల సబ్బు కూరారు. మొదటి వానకే పుంగనూరు బస్టాండులో మా బండి అద్దం మీదుగా నురగ దిగుతుంటే, జనం టీ గ్లాసులు పట్టుకుని మరీ వచ్చి చూశారు. కొవ్వొత్తి మైనం పోశారు, ఎండకు కరిగింది. గోనెపట్ట చుట్టారు, అది నీళ్లు పీల్చి పీల్చి రెండు రోజులు తీరిగ్గా కార్చింది. దారిన పోయేవాడు కూడా ఒక సలహా ఇచ్చి పోయేవాడు, డ్రైవరన్న ఏ ఒక్క సలహానూ కాదనేవాడు కాడు. సూడమ్మా, ఈ తూరి సుక్క కారితే నన్నడుగు అనేవాడు ప్రతిసారీ. అడిగితే మాత్రం వినిపించేది కాదు.

ఇంతలో మా చిన్నమ్మ పంటకు పురుగులు అందించే వంతు వచ్చింది. చిన్నమ్మ నాకంటే కొంచెమే పెద్ద, పిలుపుకు చిన్నమ్మే గానీ అక్కలాంటిది, శాంతిపురంలో ఇచ్చారు. చిన్నాయన బెంగుళూరులో కట్టడం పనులకు పోయి అక్కడే కుదురుకుని, ఆమెను కూడా రమ్మని పోరు పెడుతున్నాడు. ఉన్న పొలం గ్రానైటు పలకలు కోసేవాళ్లు బాడుగకు అడుగుతున్నారు. చిన్నమ్మ ఒప్పుకోలేదు. ఆ పొలంలో మల్బరీ కట్టెలు తన చేత్తో నాటింది, మొక్కమొక్కకూ కడవతో నీళ్లు మోసింది. చివరికి ఇద్దరికీ ఒక మాట కుదిరింది: ఈ ఒక్క పంట నిండుగా పండితే తోట ఉంటుంది, లేకపోతే తోట తీసేసి ఆమె బెంగుళూరు పోవాలి. ఆ నెలాఖరుకు గ్రానైటువాళ్లు జవాబు కోసం వస్తామన్నారు. ఈ సంగతి మా కేంద్రంలో అందరికీ తెలుసు. ఓనరైతే, మనమ్మాయి తరపువాళ్లవి అని, ఆమె ట్రేలు గాలి బాగా తగిలే పై అరలో పెట్టమని ప్రత్యేకంగా చెప్పాడు.

అందుకే ఈసారి కారకూడదని అందరం పంతం పట్టాం. అప్పుడు మా ఓనరు వాళ్లమ్మ, మేమంతా అవ్వ అని పిలిచే పెద్దావిడ, ఊతకర్ర పొడుచుకుంటూ వచ్చి వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి మమ్మల్ని కోప్పడింది.

“మా మిద్దె యానాడన్నా కారిందా? సున్నంలో బెల్లం ఏసి నూరి మెత్తండప్పా, యాడ కారతాదో నేనూ సూస్తా!”

ఎంత మంచి మాట! వాసన లేదు, ఘాటు లేదు, ఆరితే రాయి. మా తాతల మిద్దెలన్నీ ఆ బెల్లం సున్నంతోనే నిలిచాయి కదా, ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదని నెత్తి కొట్టుకున్నాం. డ్రైవరన్న స్వయంగా రోట్లో నూరి, దోనె పొడుగునా, ప్రతి మర చుట్టూ, లోపల గోడ పగుళ్లతో సహా నున్నగా మెత్తాడు. అవ్వ తన చేత్తో వేసిన బెల్లం కొంచెం ధారాళంగానే పడింది.

మర్నాడు తెల్లవారి మసక చీకట్లో ట్రేలు ఎక్కించుకుని బయలుదేరాం. పుంగనూరు చేరకముందే వాన పట్టుకుంది. అది వాన కాదు, కుండపోత. నేను గిన్నె పట్టుకుని పైకి చూస్తూ కూర్చున్నాను. ఒక్క చుక్క కారలేదు! పలమనేరు దాటినా కారలేదు. డ్రైవరన్న ఆనందం పట్టలేక వెనక్కి తిరిగి తిరిగి నన్ను పలకరిస్తుంటే, ముందు రోడ్డు చూడన్నా అని నేను మొత్తుకోవాల్సి వచ్చింది. ఆ బండెక్కిన నాటి నుంచి నేను సంతోషంగా చేసిన ప్రయాణం అదొక్కటే.

శాంతిపురంలో పందిరి చాపాం, చిన్నమ్మ ఉతికిన చీర కట్టుకుని అందరికంటే ముందు నిలబడింది. పై అర ట్రే దించి, మీది కాగితం తీశాను. ఎర్రచీమలు. రాత్రంతా షెడ్డులో నిలబెట్టిన వ్యానుకు బెల్లం కోసం బారులు కట్టి, తలుపు సందులోంచి లోపలి గోడ పగుళ్లలో మెత్తిన బెల్లం దాకా చేరి, ట్రేలు ఎక్కించాక బెల్లం చాలక, కప్పుకు దగ్గరగా ఉన్న పై అర పురుగుల మీద పడ్డాయి. కేంద్రంలో ప్రతి బల్లకాలి కిందా నీళ్ల గిన్నె పెట్టి చీమను రానివ్వని మేము, వాటిని పిలిచి విందు పెట్టాం. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది, ఎవరి మీదని చెప్పను, ఆ దోనె మీద, ఆ మరల మీద, చుక్క కారలేదని మురిసిపోయిన మా మొహాల మీద. కొయ్యబారి నిలబడ్డ నన్ను కదిపింది చిన్నమ్మే.

“యాల అట్ల నిలబడుకోనుండావు? ఉండేటివన్నా ఏరుకుందాం, రా.”

ఇద్దరం ఈకతో ఒక్కొక్క పురుగునూ ఏరాం. సగం కూడా మిగల్లేదు. డ్రైవరన్న అవమానం పట్టలేక పందిరి కమ్మిని రెండు చేతులా పట్టి గుంజితే అది మరలతో సహా ఊడొచ్చింది. దాని వెనక, ఇన్నాళ్లూ ఆ ఇనుప బద్ద కింద కప్పబడిపోయి, దోనె నీళ్లు కిందికి దిగడానికి వ్యాను చేసినవాడు పెట్టిన రంధ్రం బయటపడింది. నీళ్లు అక్కడి నుంచి బడబడమని నేలకు దిగిపోయాయి. మేమంతా నీళ్లు లోపలికి వచ్చే చోట్లు వెతికామే తప్ప, బయటికి పోవాల్సిన చోటు ఏదని ఒక్కరం అడగలేదు. ఆ తర్వాత పందిరిని వ్యానుకు కాకుండా విడిగా వెదురు గుంజలకు కట్టుకున్నాం. బండి మళ్లీ కారలేదు.

ఓనరు పాపం తర్వాతి విడత పురుగులు తన తరపున ఇస్తానన్నాడు. కానీ ఆకు ముదిరిపోతుంది, నెలాఖరు ఆగదు. చిన్నమ్మ మిగిలిన సగంతోనే పంట చేసింది. పురుగులు తక్కువ, ఆకు ఎక్కువ. తిన్నంత తిని ఒక్కొక్కటి చిటికెనవేలంత లావై, గూడు కట్టేందుకు పురుగుల్ని ఎక్కించే వెదురు చంద్రికల నిండా కాదు గానీ ఎక్కినచోటల్లా గట్టి గూళ్లు కట్టాయి. చిన్నాయన వచ్చి ఒక గూడు చెవి దగ్గర ఆడించి, చాలాసేపు అరచేతిలో పెట్టుకున్నాడు. బాగుండాయి అన్నాడు. ఆ మాటకు చిన్నమ్మ మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. కానీ వాళ్ల ఒప్పందం నిండు పంట మీద, ఇది సగం పంట. ఆయన చెడ్డవాడని అననుగానీ, ఆ వారంలో తోట పీకించాడు.

ఇప్పుడు చాకీ పురుగులు చల్లటి గాలి యంత్రాలున్న బండ్లలో వస్తున్నాయట, గోడల్లో సూది దూరే సందు కూడా ఉండదట. వింటే సంతోషం వేయదు నాకు, ఒళ్లు మండుతుంది. ఆనాడు ఒక్క రంధ్రం కనపడకనే కదా! మా అల్లుడికి కూడా ఆ పందిరి బిగింపు తీసి దాని వెనక చూడమని దారి పొడుగునా చెప్పాను. చూద్దాం అత్తా అన్నాడు, ఇంకా చూస్తూనే ఉన్నాడు.

శాంతిపురంలో టీ తాగుదామని ఆపినప్పుడు మళ్లీ మబ్బు కమ్మింది. ఒకప్పుడు ఆ వీధిలో ఇలా మబ్బు పడితే చాలు, ఆకు తడవకముందే కోసి తెచ్చుకోవాలని ఇంటింటి నుంచీ ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకుని తోటలకు పరుగెత్తేవాళ్లు. ఇప్పుడు గ్రానైటు కోసే చప్పుడు తప్ప ఏమీ లేదు, చినుకులు పడుతున్నా వీధిలో ఎవరూ తల ఎత్తలేదు. వ్యానులో మా చిన్నమ్మ మాత్రం, ఏళ్ల తరబడి బెంగుళూరులో అద్దె ఇళ్లలో గడిపిన మనిషి, కొంగు నడుముకు దోపుకుని సీట్లోంచి సగం లేచింది. తర్వాత నెమ్మదిగా కూర్చుంది.