మా మేస్త్రీ బావ స్థలం దావా

మా బావ, అంటే అక్క మొగుడు, తాపీమేస్త్రీ. ఊళ్లో సగం గోడలు ఆయన లేపినవే, సొంత గోడ మాత్రం ఒక్కటీ లేదు. పాలవ్యాపారి తన కొట్టం వెనక ఉన్న రాళ్ల స్థలం అమ్ముతానంటే డబ్బు చేతిలో పోసి, నోటిమాట మీద కొనేశాడు. "మన మధ్య కాగితమేంటి మేస్త్రీ" అన్నాడట పాలాయన. మా వెర్రిమాలోకం మురిసిపోయాడు.

రాళ్లు ఏరాడు, గుంటలు పూడ్చాడు, పునాది తీసి ఒక గది లేపాడు. ఆ గదిలో చేరిన ఏడాదికే అక్క జ్వరంతో పోయింది. మన నేల ఉండగా ఎక్కడికో ఎందుకని, ఆ స్థలంలోనే ఒక మూల పాతిపెట్టాడు.

తర్వాత పక్కన పెద్ద రోడ్డు పడింది. పాలాయన ప్లేటు ఫిరాయించాడు. ఇచ్చిన డబ్బు అద్దె కిందదేనట, అమ్మకమన్న మాటే లేదట. నాకు ఒళ్లు మండిపోయింది. బావ "అలాగా" అని ఇసుక జల్లించుకుంటూ కూర్చున్నాడు. నేనే చెయ్యి పట్టి లాక్కెళ్లి దావా వేయించాను.

నోటిమాట కూడా నిలుస్తుంది గానీ, దాన్ని నమ్మి ఏం చేశామో చూపించాలంది మా లాయరమ్మ. అదీ సొంతదారు తప్ప ఇంకొకడు చెయ్యని పని అయ్యుండాలట. గది చూపించాం. అద్దెకున్నవాడూ గది వేసుకుంటాడని అవతలి లాయరు కొట్టిపారేశాడు. పునాదికీ అదే పాట, పూడ్చిన గుంటలకీ అదే పాట. ఇక మిగిలింది అక్క సమాధి. ఆవిణ్ని కోర్టుకి లాగొద్దని బావ మొదటి నుంచీ మొండికేశాడు. చెప్పకపోతే స్థలంతో పాటు అక్క కూడా పాలాయన చేతికి పోతుంది.

చివరికి బావ బోనెక్కాడు. సిమెంటు లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"మా ఆవిణ్ని అక్కడే పాతిపెట్టానండీ. అద్దె స్థలంలో ఎవరైనా పెడతారా?"

అప్పుడు అడ్డు చెప్పారా అని జడ్జిగారు పాలాయన్ని అడిగారు. లేదని, తనూ వచ్చి పిడికెడు మట్టి వేశానని తల దించుకుని ఒప్పుకున్నాడు.

స్థలం మాకే దక్కింది. నేను ఎగిరి గంతేశాను. బావ మొహంలో సంతోషమూ లేదు, ఏడుపూ లేదు. తీర్పు కాగితం మడిచి జేబులో పెట్టుకుని నడుస్తూ అన్నాడు.

"రాయించుకోమని మీ అక్క రోజూ పోరు పెట్టేది రా. నేను వినలేదు. చివరికి దాన్నే కాగితం చేశాను."

బస్సొస్తే ఎక్కాం.